ఆయన భార్య ఊళ్ళో ఉంది

బట్ట నేసే సాంచెల మోత మధ్య ముప్పై ఏళ్ళు నిలబడ్డవాడికి చెవులు పనిచేయవని సూరత్‌లోని భేస్తాన్ తెలుగు గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కడి ముసలివాళ్ళను ఎవరూ దూరం నుంచి పిలిచి ఊరుకోరు. దగ్గరికి పోయి, భుజం తట్టి, ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి చెబుతారు. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన బుచ్చిరాములు పలకరిస్తే పలకకపోయినా ఎవరూ కంగారు పడలేదు. పక్షవాతం పట్టుకునేది కాలూ చెయ్యీ. చెవులు అంతకుముందే సాంచెలు తినేశాయి అనుకున్నారు.

ఆ పక్షవాతం కార్ఖానాలోనే వచ్చింది. పొద్దుటి షిఫ్టులో నూలు కండె మార్చబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. మూతి ఒక పక్కకు పోయి, సాంచెకు ఆనుకుని కింద కూలబడ్డాడు. పక్క సాంచెల మీద పనిచేసే దేవదాస్ చూసి, మోటారు ఆపి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. తొందరగా తెచ్చారు కాబట్టి బతికాడని, నడక వస్తుందని డాక్టర్లు చెప్పారు. నడక వచ్చింది. చెయ్యి కూడా మెల్లగా వచ్చింది. ఇంటికి పంపించే రోజు ఒక చిన్న డాక్టరమ్మ ఆయన కొడుకు పరమేశ్‌ను పక్కకు పిలిచి హిందీలో చాలాసేపు చెప్పింది. రక్తపోటు మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దంది. మెదడుకు ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి తర్వాత తర్వాత మతి తగ్గిపోతుంది, మనుషుల్ని మరిచిపోతారు, మూడు నెలలకు తీసుకువస్తే ఆ పరీక్షలు చేస్తామంది. పరమేశ్ పల్సానాలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. ఆ రోజు అతనికి షిఫ్టుకు ఆలస్యమవుతోంది. అతని చెవిలో పడింది మాత్రల సంగతి ఒక్కటే.

బుచ్చిరాములు భార్య గంగవ్వకు మాత్రం మనిషి ఇంటికి వచ్చాడన్నదే చాలు. ఆమె కాపురమంతా వీడ్కోళ్ళతోనే గడిచింది. సిరిసిల్ల పక్కనున్న ఊళ్ళో మంచాన పడ్డ అత్తకు చాకిరీ చేస్తూ ఆమె, సూరత్‌లో సాంచెలు నడుపుతూ ఆయన. దీపావళికి కార్ఖానాలు మూతపడితే వచ్చేవాడు. మళ్ళీ తెరిచేనాటికి వెళ్ళిపోయేవాడు. నన్నూ తీసుకుపొమ్మని ప్రతిసారీ బస్సు దగ్గర ఏడ్చేది. "అవ్వను ఎవలు జూస్తరే?" అనేవాడు. అత్త పోయాకనే కొడుకును వెంటబెట్టుకుని సూరత్ చేరింది. అప్పటినుంచి ఆయన షిఫ్టు దిగి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, గల్లీ మొదట్లోకి పోయి నిలబడేది. ఇప్పుడు చావు దాకా పోయి వచ్చాడు. పలకకపోతే ఏం, కళ్ళముందు ఉన్నాడు కదా.

ఒక సెలవు రోజు దేవదాస్ చూడటానికి వచ్చాడు.

"ఏమన్నా, ఎట్లున్నవ్?" అని గోడలు అదిరేలా అడిగాడు. బుచ్చిరాములు అతనివైపు చూసి, మళ్ళీ కిటికీవైపు చూశాడు.

మూల కూర్చుని కూలికి చీరకు మెరుపు రాళ్ళు అంటిస్తున్న కోడలు అనురాధ తల ఎత్తకుండానే నవ్వింది. "గట్ల ఒర్రితే గల్లీ మొత్తం పలుకుతది గని మామ పలుకడు."

"నోటితోని గాదమ్మా, మా భాష వేరే," అన్నాడు దేవదాస్.

సాంచెల మోతలో మాట వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దేవదాస్ మీసం దువ్వి చూపించాడు. యజమాని సేఠ్ వస్తున్నాడని దాని అర్థం. బుచ్చిరాములు చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. రెండు వేళ్ళతో తుంచినట్టు చూపించాడు, పోగు తెగిందని. దేవదాస్ బొటనవేలు పెదవికి ఆనించాడు. బుచ్చిరాములు మొహమంతా వెలిగిపోయి, చాయ్ కోసం లేవబోయాడు.

"చూసినవా వదినె?" అన్నాడు దేవదాస్. "దిమాక్ మంచిగనే ఉన్నది. చెవులే ఖరాబైనయి."

గంగవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ చేతులకు ఆ సైగలు అన్నం కలుపుకోవడం లాంటివని, వాటికి తల పని లేదని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. మూడు నెలలకు మెదడు డాక్టరు దగ్గరికి పోవలసినవాళ్ళు ఉధ్నాలో చెవుల డాక్టరు దగ్గరికి పోయారు. చెవిలో పెట్టుకునే మిషన్ తెచ్చారు. బుచ్చిరాములు దాన్ని చెవిలోంచి తీసి, బీడీ దాచుకున్నట్టు చొక్కా జేబులో దాచుకునేవాడు.

"అత్తా, ఒకటి చూసినవా?" అంది అనురాధ ఒక రోజు. "కుక్కర్ కూస్తె మామ ఉలికిపడుతుండు. మనం పిలిస్తె మాత్రం ఇనబడది."

"ఏమోనే, ఏం చెవుడో."

"ఆడోళ్ళ మాట ఇనబడని చెవుడు. నీ కొడుక్కు గూడ ఉన్నది గది."

గంగవ్వ కూడా నవ్వింది. అప్పటికి ఆమెకు ఇంకో సంతోషం కూడా ఉంది. బుచ్చిరాములు అన్నం తిన్నాక పళ్ళెం తానే కడుక్కుంటున్నాడు. పెళ్ళయిన నాటినుంచి పళ్ళెంలోనే చెయ్యి కడిగి లేచే అలవాటున్న మనిషి. ఇప్పుడు నల్లా దగ్గరికి మెల్లగా నడిచిపోయి, పళ్ళెం కడిగి, నీళ్ళు దులిపి, అరుగు మీద బోర్లించి వస్తున్నాడు. వడ్డించేటప్పుడు మెల్లగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఉప్పు ఎక్కువైంది, కారం తక్కువైంది అనడం లేదు.

"పక్షవాతం మామకు బుద్ధి నేర్పింది," అంది అనురాధ.

"నోట్లె మన్ను వడ, గసొంటి మాటలనకు," అంది గంగవ్వ. కానీ లోపల ఆమెకూ అలాగే అనిపించింది. ఇన్నేళ్ళకు తన కష్టం కనబడిందేమో అనుకుంది.

ఒక మధ్యాహ్నం పచ్చిపులుసు చేసింది. ఆయన రెండోసారి పోయించుకున్నాడు.

"మంచిగున్నది," అన్నాడు. "మా ఇంటామె గూడ గిట్లనే చేస్తది."

గరిటె పట్టుకున్న గంగవ్వ చెయ్యి ఆగింది. "ఎవలు?"

"మా ఇంటామె. ఊర్లె ఉంటది."

"పేరేంది?"

"గంగ," అన్నాడు. పరాయి ఆడమనిషి ముందు పెళ్ళాం పేరు చెప్పవలసి వచ్చిన మగవాడిలా కళ్ళు దించుకున్నాడు. "జర అన్నం పెట్టు వజ్రక్కా."

వజ్రమ్మ పేరు గంగవ్వ విన్నదే. మనిషిని ఎన్నడూ చూడలేదు. ఉధ్నాలో తెలుగు మగవాళ్ళకు వండిపెట్టే మెస్సు నడిపిన మనిషి. బుచ్చిరాములు ఒంటరిగా ఉన్న ఏళ్ళన్నీ ఆ మెస్సులోనే తిన్నాడు. అక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళదే, ఎవరిది వాళ్ళే కడిగి బోర్లించాలి. వజ్రమ్మ చచ్చిపోయి చాలా కాలమైంది.

ఆ మాట విని పరమేశ్ మొదట నవ్వాడు. తర్వాత తండ్రి ముందు కూర్చుని, నేనెవరినని అడిగాడు. తండ్రి అతన్ని ఎగాదిగా చూసి, "కొత్తగ చేరినవా? ఏ ఊరు?" అన్నాడు. మర్నాడు పరమేశ్ సెలవు పెట్టాడు.

మెదడు డాక్టరు తలకు తీసిన ఫోటోలు దీపం ముందు పెట్టి చూపించాడు. ఆ డాక్టరు చెప్పేది పరమేశ్ తెలుగులో తల్లికి చెబుతూ పోయాడు. పెద్ద దెబ్బకు ముందే చిన్న చిన్న దెబ్బలు చాలా తగిలాయి. ఒక పూట చెయ్యి తిమ్మిరెక్కడం, పోగు ముడి పడకపోవడం, మాట తడబడి సర్దుకోవడం, అవన్నీ అవే. రక్తం అందని చోటల్లా మెదడు ఆ మేరకు ఎండిపోయింది. చెవులకు పెద్దగా ఏమీ కాలేదు. ఇది పక్షవాతం వెనకాల వచ్చే మతిమరుపు. కొన్నాళ్ళు ఒకేలా ఉంటాడు, ఇంకో దెబ్బ తగిలితే ఇంకో మెట్టు దిగుతాడు. పోయింది తిరిగి రాదు. మాత్రలు వేళకు వేస్తే ఇంకో దెబ్బ రాకుండా చూసుకోవచ్చు. ఎదురు చెప్పి కోపం తెప్పించకండి. కొత్త సంగతులు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి.

"నేను కొత్తదాన్నా పాతదాన్నా, అడుగురా," అంది గంగవ్వ.

పరమేశ్ ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. అవసరం కూడా లేదు, ఇంటికి వచ్చే దారిలో ఆటోలో ఆమే లెక్క తేల్చుకుంది. ఆయనా తానూ ఒక కప్పు కింద బతికిన కాలమంతా కొత్తది. అది పోయింది. మిగిలింది పాతకాలం. ఆ పాతకాలంలో ఆయన పక్కన తాను లేదు.

అయినా ఆమె ఊరుకోలేకపోయింది. ఇంకో మెట్టు దిగకముందే ఒక్కసారి, ఒకే ఒక్కసారి తనను తనుగా చూసి, గంగా అని పిలవాలి. అది చాలు, తర్వాత ఏమైనా కానీ. దేవుడి ముందు అదే అడిగింది. ఆయన పక్కన మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, నేనే నీ గంగనని చెప్పింది.

ఆయన మొదట నవ్వాడు. "గంగకు నెత్తి తెల్లగ లేదు."

"ముసలిదాన్నయిన. నువ్వు గూడ ముసలోనివే అయినవ్. అద్దంల చూసుకో."

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "ఏందక్కా గిది? పరాయి మొగోని మంచం మీద కూసుంటవా? మా ఇంటామెకు తెలిస్తె ఏమనుకుంటది?" మూతి వణికింది. లేచి, దుప్పటి లాక్కుని, గడప దగ్గర పరుచుకుని పడుకున్నాడు. ఆ రోజు రక్తపోటు చూస్తే ఎక్కడికో పోయింది.

"వజ్రక్కవే అనుకో అత్తా," అంది అనురాధ. వెక్కిరింపుగా అనలేదు, జాలిగానే అంది. "ఏం పోయింది? నిమ్మలంగ తింటుండు గద."

అలా గంగవ్వ తన ఇంట్లో వంటమనిషి అయింది. వేళకు వడ్డించింది. అక్కా అంటే పలికింది. కడిగిన పళ్ళెం బోర్లించి పోతుంటే చూస్తూ కూర్చుంది. కానీ ఆశ మాత్రం చావలేదు. మా ఇంటామె అని ఆయన అన్నప్పుడల్లా, ఎక్కడో దూరాన ఉన్న తనకు ఎవరో కబురు చెప్పినట్టు ఉండేది. మరిచిపోయినా మనసులో ఉన్నది తానే కదా అనుకునేది. ఆ మాత్రం దానితో రోజు గడిచిపోయేది.

దీపావళి దగ్గర పడింది. కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గల్లీలో మగవాళ్ళు కొత్త చద్దర్లు, పిల్లల బట్టలు కట్టిన మూటలు, సంచులు మోసుకుని స్టేషన్ దారి పట్టారు. బుచ్చిరాములు కిటికీలోంచి రోజంతా వాళ్ళను చూశాడు. భోజనం అయ్యాక పళ్ళెం కడిగాడు. ఆ రోజు బోర్లించలేదు. తువ్వాలతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని గంగవ్వ దగ్గరికి వచ్చాడు.

"ఊరికి పోతున్న అక్కా. నేను వచ్చెదాక ఈ తల్లె నీ కాడ ఉంచు. ఆడ పెడితె ఎవడన్న మార్చుకుంటడు."

గంగవ్వ పళ్ళెం అందుకుంది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు, అనురాధ రాళ్ళు అంటించిన చీరలు ఇచ్చి రావడానికి పోయింది. ఆయన బయలుదేరింది తన దగ్గరికే. ఇన్ని దీపావళులు అక్కడ ఎదురుచూసింది గానీ, ఇక్కడ ఆయన ఎలా బయలుదేరేవాడో ఆమె చూడలేదు. ఆమెకు గుండె నిండింది. ఆ ముచ్చట ఆయన నోటితో వినాలనిపించింది.

"మీ ఇంటామె తొవ్వ జూస్తుంటది గద?"

"చూస్తది. అదే పరేషాన్," అన్నాడు.

"పరేషాన్ ఎందుకు? గిన్నేండ్లాయె, ఆమెను గూడ ఈడికే తెచ్చుకోరాదు?"

బుచ్చిరాములు వెనక్కి తిరిగి, ఎవరూ లేరని చూసుకున్నాడు. మాటను తగ్గించాడు. "సేఠ్ రూమ్ ఇస్తనన్నడు అక్కా. సంసారాలున్నోళ్ళకు ఇస్తుండు. నేనే వద్దన్న."

"ఎందుకట్ల?"

"అవ్వకు పాణం బాగలేదు, ఇడిసిపెట్టి రాదని చెప్పిన. అవ్వను మా అక్క తీస్కపోతనన్నది. నేనే పంపలే." ఆయన కాస్త నవ్వాడు, తెలివైన పని చేసినవాడిలా. "అవ్వ ఆడ ఉంటెనే ఆమె ఆడ ఉంటది."

గంగవ్వ అడిగింది. "ఆమె ఏం తప్పు చేసింది?"

"తప్పేం లేదు, మంచిదే. గని నేను పోంగనే ఏడుస్తది, వస్తుంటె ఏడుస్తది. ఉన్నన్ని దినాలు మొఖం జూసుకుంట కూసుంటది. ఎప్పుడు పోతవ్, ఎప్పుడొస్తవ్. పండుగ నాలుగు దినాలైతె ఓర్సుకుంట. ఏడాదంత నాతోని గాదు. ఈడ సాంచెల కాడ ఎవడు ఏం అడుగడు. డ్యూటీ చేసి, నువ్వింత పెడితె తిని పండుకుంట. నిమ్మలముంటది." తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "నువ్వెవలికి చెప్పకు అక్కా."

"చెప్ప," అంది గంగవ్వ.

ఆయన చెప్పులు వేసుకుని తలుపు దాకా పోయాడు. తలుపు దగ్గర ఎందుకు వచ్చాడో మరిచిపోయి నిలబడ్డాడు. కాసేపటికి తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గంగవ్వ పళ్ళెం పట్టుకునే ఉంది.

ఎవరితో పోట్లాడాలి? ఆ పని చేసినవాడు ఎన్నడో వెళ్ళిపోయాడు. ఇక్కడ కూర్చున్నవాడికి, తాను ఎవరికి ద్రోహం చేశాడో ఆ మనిషే తెలియదు. గంగవ్వకు అత్త పుండ్లు గుర్తొచ్చాయి. వాటిని కడిగిన నీళ్ళు, ఆ వాసన, ఆ చేతులతోనే తిన్న అన్నం గుర్తొచ్చాయి. ఆడబిడ్డ గుర్తొచ్చింది. కన్నతల్లిని ఒక్క నెల కూడా దగ్గర పెట్టుకోలేదని ఆడబిడ్డతో ఆమె మాట్లాడటం మానేసింది. ఆడబిడ్డ పోయినప్పుడు దినానికి కూడా పోలేదు. తీసుకుపోతానన్నదట ఆమె. బస్సు వెనకాల ధూళిలో నిలబడి తాను ఏడ్చిన ఏడుపంతా, లోపల కూర్చున్న మనిషికి ఎప్పుడెప్పుడు బస్సు కదులుతుందా అన్నట్టు ఉండేదన్నమాట.

ఈ సంగతి కొడుక్కు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? మంచిగా ఉన్న రోజుల్లో ఈ మనిషి ఆ మాటను ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నాడు. తనతో కాపురం చేస్తూనే దాచుకున్నాడు. మెదడులో దాచే చోటు ఎండిపోయింది, మాట బయటపడింది. అంతే. పరమేశ్ పెళ్ళినాటి ఫోటో పెద్దది చేయించి తెచ్చి, దీన్ని బాపుకు రోజూ చూపించమ్మా అంటే, గోడకు మేకు లేదంది. దేవుడిని అడగడం మానేసింది. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పించలేదు. ఇంకో మెట్టు దిగితే ఇంకేం బయటపడుతుందోనని ఆమె భయం.

పండుగ వెళ్ళింది. కార్ఖానాలు తెరిచారు, గల్లీలో మళ్ళీ ఆ మోత మొదలైంది. ఒక మధ్యాహ్నం గంగవ్వ గది మధ్యలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అనురాధ చీర పరుచుకుని రాళ్ళు అంటిస్తోంది.

"గంగా."

అనురాధ చేతిలో జిగురు ట్యూబు కింద పడింది. గంగవ్వ తల ఎత్తింది. బుచ్చిరాములు మంచం మీద కూర్చుని సూటిగా ఆమెనే చూస్తున్నాడు. తెల్ల జుట్టును, ముడతలను దాటి చూస్తున్నాడు. అందులో పొరపాటేమీ లేదు.

"గంగా, ఎప్పుడొచ్చినవ్?"

ఆమె లేచి నిలబడింది. ఒళ్ళోని చిక్కుడుకాయలు చెల్లాచెదురయ్యాయి. "నన్ను గుర్తువట్టినవా?"

"గదేం మాట? అవ్వ ఎట్లున్నది? ఒక్కతే ఉన్నదా?" ఆయన కళ్ళు ఆమె వెనక్కి, గోడ పక్కకి, తలుపు దగ్గరికి పోయాయి. సంచి కోసం వెతుకుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఎంత పెద్ద సంచి తెచ్చిందోనని చూస్తున్నాడు. ఆ మొహంలో సంతోషం లేదు. భయం ఉంది.

తాను నిలదీయవలసినవాడు ఇన్నాళ్ళకు ఎదురుగా వచ్చాడు. అవ్వను మీ అక్క తీసుకుపోతానన్నదట కదా అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ఇప్పుడు అడగాలి. ఇంకాసేపటికి ఈ మనిషి ఉండడు, మెస్సులో తినేవాడు మిగులుతాడు. ఆయన మూతి పక్కకు లాగి వణకడం మొదలైంది. నుదుటి మీద నరం ఉబ్బింది.

"చూసిపోదామని వచ్చిన," అంది గంగవ్వ. "పొద్దుగాల బండికి పోత."

ఆయన భుజాలు కిందికి దిగాయి. మొహం తేటపడింది. "టికెట్ దొరికిందా?"

"దొరికింది."

"మంచిది," అన్నాడు ఆప్యాయంగా. "అన్నం తినిపో. ఈడ వజ్రక్క మెస్ ఉన్నది. మంచిగ పెడుతది."

అనురాధ అప్పటికే ఫోన్‌లో ఉంది. "మామ అత్తను పేరువెట్టి పిలిచిండు! నా ముంగటనే! ఎప్పుడొచ్చినవ్, అన్నం తినుమని ఎంత మంచిగ అడిగిండో!"

పరమేశ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. గల్లీలో తెలిసినవాళ్ళు నలుగురు వచ్చారు. దేవదాస్ షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, జుట్టు నిండా దూదితో గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను చెప్పలేదా వదినె, దిమాక్ మంచిగనే ఉన్నదని. భార్యను ఎవడన్న మరుస్తడా?"

"మరువడు," అంది గంగవ్వ.

పరమేశ్ ఆమె నోట్లో మిఠాయి పెట్టాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "ఖుషేనా అమ్మా?"

"ఖుషే బిడ్డా," అని మిఠాయి మింగింది.

వచ్చినవాళ్ళు ఒకరొకరే వెళ్ళిపోయారు. గంగవ్వ అన్నం వండింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పీట మీద కూర్చుని, వంటింటి వైపు చూసి మెల్లగా అడిగాడు.

"ఆమె పోయిందా అక్కా?"

"పోయింది," అంది గంగవ్వ, అన్నం వడ్డిస్తూ.